మీట మీద మైనం

ఆ పొద్దున ఆకాశం బాగా కిందికి దిగి, వాన కురవకుండా అలాగే నిలబడింది. ఎండ లేదు, గాలి లేదు. ఇలాంటి రోజు తేనెటీగలు మేతకి పోవు. పెట్టెలోనే ఉండి ఒకదాన్నొకటి తోసుకుంటూ చిరాకు పడతాయి. మూత తీసినవాణ్ణి ఊరికే వదలవు. అల్లుడికి ఈ సంగతి చెప్పింది మామగారే. అందుకే ఫోన్ మోగి అవతల మామగారి గొంతు వినపడగానే, ఈ మబ్బులో పెట్టెల దగ్గర ఏమైనా అయిందా అనుకున్నాడు.

"అల్లుడూ, తీరిగ్గా ఉన్నావా?"

"చెప్పండి మామయ్యా."

"పెద్దామె పోయింది."

పెద్దామె ఇంట్లో మనిషి కాదు. మామగారి దొడ్లో అన్నిటికంటే పాత రాణి ఈగ. గుర్తుకి వీపు మీద నీలం చుక్క పెట్టించుకుని ఏళ్ళ తరబడి ఒక పెట్టెని ఏలింది. దాని కడుపున పుట్టినవి నెమ్మదిగా ఉంటాయని, చెయ్యి పెట్టినా కుట్టవని పేరు. మామగారు దాని కూతుళ్ళని పెంచి, కూతుళ్ళ కూతుళ్ళని పెంచి, తేనెటీగలు పెంచేవాళ్ళ సంఘంలో అడిగినవాళ్ళందరికీ పంచాడు.

"అయ్యో. ఎప్పుడు?"

"నిన్న చూశాను. గుమ్మం ముందు పడి ఉంది. కూలి ఈగలే లాగి పడేసినట్టున్నాయి. నేను చెప్పేది అది కాదు. చచ్చిపోయినవాటిని కంప్యూటరు జాబితాలోంచి తీసెయ్యమన్నావు గదా నువ్వు. ఇప్పుడే తీశాను." కొంచెం ఆగాడు. "తీస్తే అందరూ పోయారు."

"అందరూ అంటే?"

"కూతుళ్ళు, మనవరాళ్ళు, వాళ్ళ పిల్లలు. ఇంటిల్లిపాదీ. ఒక్కరూ కనపడటం లేదు."

"మీరేం నొక్కారు మామయ్యా?"

ఆ మాటలో తప్పేమీ లేదు. ప్రోగ్రాములు రాసే ప్రతివాడూ రోజూ అడిగే మాటే. కానీ దాన్ని పలికిన తీరొకటి ఉంది. వీధిలో జారిపడ్డ పిల్లాణ్ణి, ఎందుకు పరిగెత్తావురా అని అడిగినట్టు. అవతల మామగారి ఊపిరి ఒక్క క్షణం ఆగడం అల్లుడికి వినపడింది.

అల్లుడు తన ఊళ్ళోని చిన్నచిన్న కొట్లకీ సంఘాలకీ వెబ్ ప్రోగ్రాములు రాసి పెడతాడు. పెర్ల్ అనే పాత ప్రోగ్రాము భాషలో రాస్తాడు. ఇంకా పెర్ల్‌లో రాసేవాళ్ళున్నారా అని తోటివాళ్ళు వెక్కిరిస్తే, రాయించుకునేవాళ్ళున్నారు గదా అంటాడు. వీధి వైపు గదిలో పొడవాటి బల్ల, రెండు తెరలు, కుషన్ అరిగిన కుర్చీ. డేటాబేస్‌లో పట్టికలు, వాటి మీద పెర్ల్ ఫ్రేమ్‌వర్క్, దాని మీద జనం చూసే పేజీలు. ఎవరైనా పేజీలో ఒక లింకు నొక్కితే ఫ్రేమ్‌వర్క్ ఆ కోరికని అందుకుని, పట్టికలోంచి కావలసింది తెచ్చి, పేజీలో పోసి తిరిగి పంపుతుంది. అతని కూడూ గుడ్డా అంతా ఆ రాకపోకల్లోనే ఉంది.

ఫోన్ చెవికి అదిమిపెట్టుకుని ఈగల సంఘం పేజీ తెరిచాడు. నిన్నటిదాకా కిందికి జరుపుతూ పోతే అంతు లేకుండా వచ్చే జాబితా ఇప్పుడు ఒక్క తెరలో సరిపోయింది. మిగిలినవి బయటినుంచి తెచ్చిన రాణులు, ఎవరికీ ఏమీ కానివి. అతను కోడ్ తెరిచాడు. వెతకనక్కర్లేకపోయింది. ఆ వాక్యం అక్కడే ఉంది.

పట్టికలో ఒక్కో రాణికి ఒక్కో వరస. వరసలో తల్లి ఎవరో రాసే గడి. ఒక తల్లికి అనేకమంది కూతుళ్ళుంటారని పెర్ల్‌లో ఒక్క వాక్యం రాస్తే చాలు, ఏ రాణి మీద నొక్కినా దాని సంతానమంతా కిందికి వరసగా వస్తుంది. అయితే ఆ వాక్యానికి అడగకుండానే పట్టుకొచ్చే అలవాటొకటి ఉంది. తల్లి వరసని తీసేస్తే కూతుళ్ళ వరసల్ని కూడా తీసేస్తుంది. కూతుర్ని తీసేటప్పుడు ఆ కూతురి కూతుళ్ళని. అలా చివరి పసిదాని దాకా. అది వద్దనుకున్నవాడు వద్దని పక్కనే రాయాలి. అతను రాయలేదు.

ఎందుకు రాయలేదో కూడా గుర్తొచ్చింది. ఆ వాక్యం టైర్ల కొట్టుకి చేసిన బిల్లుల ప్రోగ్రాములోంచి ఎత్తి పెట్టింది. అక్కడ అది న్యాయమే. బిల్లు రద్దు చేస్తే అందులో ఎక్కించిన టైర్లూ ట్యూబులూ దానితోపాటే పోవాలి. రెండుచోట్లా ఒకటి కింద అనేకం అనే లెక్కే గదా అని తెచ్చి అతికించి, బిల్లు అన్నచోట రాణి అని మార్చాడు. తల్లి చచ్చినంత మాత్రాన కూతుళ్ళు చావరన్న ముక్క చిన్నపిల్లలకి కూడా తెలుసు. అతనికి ఆ రోజు తట్టలేదు.

"నా వేలే అల్లుడూ," అన్నాడు మామగారు ఫోన్లో. "కళ్ళజోడు లోపల వదిలేసి కూర్చున్నాను. ఒకటి నొక్కబోయి ఇంకోటి నొక్కానేమో. రెండుసార్లు పడిందేమో కూడా."

కాదు మామయ్యా అంటే సరిపోయేది. నోటిదాకా వచ్చింది కూడా.

"చూస్తాను," అన్నాడు అల్లుడు. "మీరు ఇంకేమీ ముట్టుకోకండి."

ముట్టుకోకండి అని ఎందుకన్నాడో అతనికే తెలియదు. ఫోన్ పెట్టేశాక చాలాసేపు ఆ మాటే చెవిలో తిరిగింది.

బ్యాకప్, విడిగా దాచిన నకలు, ఉంటే ఇదంతా ఒక పూట పని. ఉంది, కానీ పాతది. పోయిన చలికాలంలో సర్వర్ మార్చినప్పుడు బ్యాకప్ పనిని ఆపాడు. మార్చడం అయిపోయాక మళ్ళీ పెట్టాలనుకున్నాడు. అనుకున్నాడు, అంతే. ఈలోగా పూలకాలం వచ్చింది, ఈగలు పిల్లలు పెట్టే కాలం. మామగారు రోజూ సాయంత్రం కూర్చుని, ఏ పెట్టెలో ఏ రాణి పుట్టింది, దాని తల్లి ఎవరు, ఎవరికి ఇచ్చాను, అన్నీ రెండు వేళ్ళతో కొట్టి ఎక్కించాడు. ఆ కాలమంతా పోయింది.

ఇదివరకు మామగారు ఇవన్నీ పెట్టె మూత వెనక సుద్దతో రాసేవాడు. తల్లి, తల్లి తల్లి, పుట్టిన కాలం. మూత ఎత్తితే వంశమంతా తలకిందులుగా కనపడేది. ఈ ప్రోగ్రాము పెట్టిన రోజు అల్లుడే అన్నాడు, ఇంక ఈ సుద్ద గీతలెందుకు మామయ్యా, పెట్టెకి ఒక నంబరు చాలు, మిగతాదంతా కంప్యూటరు చూసుకుంటుంది అని. మామగారు తడిగుడ్డతో మూతలన్నీ తుడిచాడు. తుడిచేటప్పుడు అత్తగారు అడ్డొచ్చింది, ఉంటే ఉండనివ్వొచ్చు గదా, అవేమైనా తిండి అడుగుతున్నాయా అని. మామగారు వినలేదు. అల్లుడు చెప్పాడంటే చెప్పాడే.

మధ్యాహ్నం భార్య వచ్చింది. ఆమె పళ్ళ డాక్టరు దగ్గర పని చేస్తుంది. చేతులు ఎంత కడుక్కున్నా ఆ లవంగ నూనె వాసన ఇంటిదాకా వస్తుంది.

"నాన్న ఫోన్ చేశాడు. గొంతు అదోలా ఉంది. ఏదో నొక్కేశాట్ట గదా?"

"ఊఁ."

"తిరిగి రావా?"

"చలికాలం దాకా ఉన్నవి వస్తాయి. ఈ పూలకాలంలోవి రావు."

ఆమె తువ్వాలు భుజం మీద వేసుకుని అతని వెనకే నిలబడింది. "నాన్నని ఏమీ అనకండి. నేర్చుకోవాలని ఎంత కష్టపడ్డాడో మీకు తెలుసు. నాకు ఫోన్ చేసి మౌస్ బొమ్మ ఎక్కడికో పోయింది వెతికి పెట్టమనేవాడు."

"నేనేమీ అనలేదు."

"అనలేదని నాన్న కూడా చెప్పాడు. అల్లుడు బంగారం, ఒక్క మాటనలేదు అన్నాడు."

అతను తెర వైపు తిరిగాడు. తెర వెలుగులో తన మొహం ఆమెకి కనపడుతుందేమోనని మళ్ళీ కిటికీ వైపు తిరిగాడు. కింద వీధిలో ఎవరో సైకిల్‌కి గాలి కొడుతున్నారు. ఆమె ఇంకాసేపు నిలబడి వంటింట్లోకి వెళ్ళింది.

అదే సాయంత్రం అతను ఆ వాక్యం పక్కన, తల్లి పోతే పిల్లల జోలికి పోవద్దని రాశాడు. ఒక చిన్న మాట, ఒక సున్నా. రాయడానికి క్షణం పట్టలేదు. మార్పు ఎందుకు చేశావో రాయమని ఒక గడి అడుగుతుంది. అందులో 'చిన్న సవరణ' అని రాశాడు. అంతటితో ఊరుకున్నా బాగుండేది. తొలగించు అన్న లింకు నొక్కగానే ఒక ప్రశ్న వచ్చేటట్టు పెట్టాడు. 'మీరు నిజంగా తొలగించాలనుకుంటున్నారా? జాగ్రత్తగా చూసి నొక్కండి.' ఆ ప్రశ్నకీ జరిగినదానికీ సంబంధం లేదు. మామగారు నిజంగానే తొలగించాలనుకున్నాడు, పెద్దామెని. జాగ్రత్తగానే నొక్కాడు. అయినా అది చూసేవాడికి, ఏదో ఒక చెయ్యి తొందరపడిందనే అనిపిస్తుంది. అది అల్లుడికి తెలుసు. తెలిసే పెట్టాడు.

ఆదివారం వడ్రంగి షెడ్డులో సంఘం కూర్చుంది. సంఘంలో అందరికీ ఈగల పెట్టెలు చేసి ఇచ్చేది ఆ వడ్రంగే. నోటి దురుసు మనిషి. మామగారికి దూరపు చుట్టమో కాదో ఎవరికీ తెలియదు గానీ, ఇద్దరూ బావా అంటే బావా అనుకుంటారు. సగం చేసిన పెట్టెలే కుర్చీలు. రంపపు పొట్టు మడమల దాకా వచ్చింది. కొత్త చెక్క వాసనకి ఒకటీ రెండూ ఈగలు లోపలికొచ్చి వెళ్తున్నాయి. సవరణ చూపించమని పిలిస్తే అల్లుడు కూడా వచ్చి, తలుపు దగ్గర బల్ల మీద కంప్యూటరు తెరిచి పెట్టుకున్నాడు.

మామగారు ఉతికిన చొక్కా వేసుకొచ్చాడు. సంఘంలో అందరూ కూర్చునే మాట్లాడతారు. ఆయన లేచి నిలబడ్డాడు.

"మీ అందరికీ తెలిసే ఉంటుంది," అన్నాడు. "నా పొరపాటు వల్ల ఈ పూలకాలంలో ఎక్కించిన రాణుల వంశాలన్నీ చెరిగిపోయాయి. కళ్ళజోడు లేకుండా నొక్కాను. ఎవరి దగ్గరున్న రాణి ఎవరి కూతురో ఇప్పుడు నేను చెప్పలేను. దగ్గర చుట్టరికంలో కలిసిపోతే సగం గుడ్లు చచ్చి, తేనెపట్టు చట్రంలో పిల్లలు చిల్లులు చిల్లులుగా పడతారు. అలా పడితే ఆ పాపం నాది."

"పిల్లలు ఎక్కడికీ పోలేదు గదండీ," అన్నాడు ఒకతను వెనకనుంచి. ఓదార్పుగానే అన్నాడు.

"పోలేదు. దొడ్లోనే ఉన్నాయి. రోజూ చూస్తున్నాను. ఎవరు ఎవరో తెలియడం లేదు, అంతే."

వడ్రంగి చెవి మీదున్న పెన్సిల్ తీసి మళ్ళీ చెవి మీదే పెట్టుకున్నాడు. "మా బావ చిన్నప్పుడూ ఇంతే. బడి గంట కొట్టమంటే బడికే తాళం పెట్టొచ్చాడు. ఇప్పుడు ఒక ముసల్దాన్ని సాగనంపమంటే వంశాన్నే సాగనంపాడు."

నవ్వారు. మామగారు కూడా నవ్వడానికి పెదవులు కదిపాడు.

"ఇంతకీ అల్లుడుగారూ," వడ్రంగి తలుపు వైపు తిరిగాడు, "ఇలాంటి ముసలోళ్ళ చేతికి తగలకుండా మీ కంప్యూటరుకి గొళ్ళెం ఏమైనా పెట్టారా?"

"ఒక ప్రశ్న పెట్టాను," అన్నాడు అల్లుడు. తెర అటు తిప్పి చూపించాడు.

వడ్రంగి వంగి, పైకే చదివాడు. "నిజంగా తొలగించాలనుకుంటున్నారా. జాగ్రత్తగా చూసి నొక్కండి." తల పైకెత్తాడు. "కింద మా బావ పేరు కూడా రాయాల్సింది. ఆయన కోసమే పెట్టినట్టుంది."

ఈసారి అందరూ గట్టిగా నవ్వారు. అల్లుడు కూడా నవ్వాడు. నవ్వకపోతే ఎవరైనా ఎందుకు నవ్వలేదని చూస్తారేమో అని నవ్వాడు. నవ్వుతూ తలెత్తితే మామగారు తన వైపే చూస్తున్నాడు. ఆ చూపులో కోపం లేదు. నీకు తలవంపులు తెచ్చాను అల్లుడూ అన్నట్టుంది. అల్లుడు చూపు తిప్పుకుని కంప్యూటరు మూత వేశాడు.

నవ్వులు సద్దుమణిగాక మామగారు తక్కిన మాట చెప్పాడు. "రాణుల్ని పెంచే పని వచ్చే ఏటినుంచి ఇంకెవరైనా తీసుకోండి. నా వల్ల కాదు."

వడ్రంగి పొట్టులో కాలు కదిపాడు. ఆ పని ఈయన తప్ప ఇంకెవరూ చెయ్యలేదు. ఇంకెవరైనా చేస్తారని ఎవరూ అనుకోలేదు కూడా. మామగారు ఈగల్ని లొంగదీసే తన పొగడబ్బాని సంచిలో పెట్టుకుని, అది తేవలసిన రోజు కాకపోయినా ఎందుకు తెచ్చాడో గానీ, అందరికంటే ముందు వెళ్ళిపోయాడు.

ఆ తర్వాత అల్లుడు పనిలో కూర్చోలేకపోయాడు. టైర్ల కొట్టు వాళ్ళ పేజీ తెరిస్తే ఆ వాక్యమే కనపడేది. అక్కడ అది చక్కగా, ఎవరికీ హాని లేకుండా ఉంది. భార్య ఏదైనా అడిగితే ఒక్క ముక్కలో జవాబు చెప్పేవాడు. ఆమె మొదట తలనొప్పేమో అనుకుంది. తర్వాత అడగడం మానేసింది.

"నాన్నని చూసొద్దాం," అంది ఒక పొద్దున. "పెట్టెల దగ్గరికి పోవడం లేదంట. అమ్మ చెప్పింది."

వెళ్ళారు. మబ్బు విడిపోయి ఎండ కాస్తున్న రోజు. దొడ్లో పెట్టెలన్నీ పని మీద ఉన్నాయి. కాళ్ళకి పుప్పొడి అంటించుకుని ఈగలు వచ్చి గుమ్మాల మీద వాలుతున్నాయి. వాటి మధ్య మామగారు లేడు. ఎండ ఇంత బాగున్న రోజు ఆయన్ని ఇంట్లో చూడటం అల్లుడికి అదే మొదలు.

లోపల కిటికీ పక్కన కంప్యూటరు ముందున్నాడు. కళ్ళజోడుకి తాడు కట్టి మెడకి వేసుకున్నాడు. తెర మీద ఏమీ తెరిచి లేదు. వేలితో కీబోర్డు మీద మెల్లగా వెతుకుతూ, ఒకచోట ఆగి, వెనక్కి తీసుకుంటున్నాడు. మళ్ళీ మొదటినుంచి. అల్లుడు దగ్గరికొచ్చి చూస్తే, డిలీట్ అని రాసున్న మీట మీద చిన్న మైనపు ముద్ద అంటించి ఉంది. గోరుతో నున్నగా అదిమి, మధ్యలో చిన్న గుంట చేశాడు.

"ఏంటి మామయ్యా అది?"

"ఇదా. చూడకపోయినా వేలికి తెలియాలని." మామగారు సిగ్గుపడ్డాడు. "ఈ మీటేగా ఆ రోజు తగిలింది. అలవాటు చేసుకుంటున్నాను. మైనం తగలగానే వేలు వెనక్కొచ్చేస్తుంది చూడు."

చేసి చూపించాడు. వేలు మైనాన్ని తాకింది, వెనక్కొచ్చింది.

ఆ మీటకీ జరిగినదానికీ ఏ సంబంధమూ లేదు. తీసింది పేజీలో ఉన్న లింకు నొక్కి. కీబోర్డులో ఆ మీట ఉన్నా లేకపోయినా ఒకటే. అల్లుడు అక్కడున్న ముక్కాలిపీట లాక్కుని కూర్చున్నాడు.

"మామయ్యా, మీరేమీ తప్పు నొక్కలేదు."

"సర్లే."

"నిజం. మీరు పెద్దామెని తీశారు. అంతే చేశారు. మిగతావాటిని తీసింది నేను రాసిన ప్రోగ్రాము. నేను రాయకూడనిది రాశాను."

మామగారు కళ్ళజోడు పైకి తోసుకుని అతన్ని చూశాడు. "అమ్మాయి చెప్పిందా ఇలా అనమని?"

"లేదు."

"అల్లుడివి. నా మొహం చూసి అనాలి గనక అంటున్నావు. నాకేం పర్లేదు. పెద్దవాణ్ణి, పడతాను."

"చూపిస్తాను. మీరే చూడండి."

పీట పక్కకి జరిపి, సంచిలోంచి తన కంప్యూటరు తీసి తెరిచాడు. ప్రోగ్రాముకి ఒక నకలు చేసి, ఖాళీ పట్టిక పెట్టి, తను పెట్టిన ప్రశ్నని తీసేసి, ఆ వాక్యాన్ని మొదట ఎలా ఉందో అలా చేశాడు. తర్వాత కంప్యూటరు మామగారి ముందుకి జరిపాడు.

"మీరే ఎక్కించండి. ఏ పేరైనా సరే."

మామగారు ఆలోచించి, 'అ' అని ఒక రాణిని ఎక్కించాడు. దాని కూతురు 'ఆ'. దాని కూతురు 'ఇ'. 'ఇ' కూతురు 'ఈ'. ఒక్కోదానికీ తల్లి గడి నింపుతూ, నింపాక వేలితో తెర మీద తాకి సరిచూసుకుంటూ.

"ఇప్పుడు 'అ' చచ్చిపోయింది. తీసెయ్యండి. ఎంత నెమ్మదిగా అయినా పర్లేదు."

మామగారు కళ్ళజోడు తీసి తుడిచి పెట్టుకున్నాడు. బాణం గుర్తుని లింకు దాకా తీసుకెళ్ళాడు. ఆగాడు. సరిగ్గా దాని మీదే ఉందా అని వంగి చూశాడు. ఒక్కసారి నొక్కాడు.

జాబితా ఖాళీ అయింది.

ఆయన చెయ్యి మౌస్ మీదే ఉండిపోయింది. అల్లుడు కంప్యూటరు తన వైపు లాక్కుని, ఆ వాక్యం పక్కన ఆ చిన్న మాట రాసి, మళ్ళీ ఇచ్చాడు. "ఇంకోసారి ఎక్కించండి."

మళ్ళీ అ, ఆ, ఇ, ఈ. మళ్ళీ అదే లింకు. ఈసారి 'అ' ఒక్కటే పోయింది. 'ఆ' తల్లి లేకుండా మిగిలింది, కింద దాని కూతురితో, మనవరాలితో.

కిటికీ అద్దం మీద ఒక ఈగ దారి దొరక్క పైకీ కిందికీ పాకుతోంది. మామగారు దాన్ని చూస్తూ అడిగాడు. "ఇది నీకెప్పుడు తెలిసింది?"

"మీరు ఫోన్లో ఉన్నప్పుడే."

"ఆ రోజే?"

"మీరు నా వేలే అంటున్నప్పుడు నా కళ్ళ ముందే ఉంది."

"షెడ్డులో నేను లేచి నిలబడ్డప్పుడు?"

"అప్పటికీ తెలుసు."

"నవ్వావు గదా."

"నవ్వాను మామయ్యా."

గుమ్మం దగ్గర భార్య నిలబడి ఉంది. ఎప్పుడొచ్చిందో తెలియదు. చేతిలో మంచినీళ్ళ గ్లాసులున్నాయి. అతను తలెత్తి చూశాడు. ఆమె అతన్ని చూడలేదు. గ్లాసులు కిటికీ గట్టు మీద పెట్టి, తండ్రి కుర్చీ వెనక చెయ్యి ఆనించి నిలబడింది.

మామగారు తిట్టి ఉంటే తేలికయ్యేది. కీబోర్డు దగ్గరికి లాక్కుని, ఆ మీట మీది మైనాన్ని బొటనవేలి గోరుతో గీకడం మొదలుపెట్టాడు. తొందర లేకుండా, అంచుల్లో కూడా మిగలకుండా. గీకినదాన్ని వేళ్ళ మధ్య ఉండ చేశాడు.

బయట బండి ఆగిన చప్పుడైంది. వడ్రంగి కొత్త పెట్టెలు ఒకదాని మీద ఒకటి మోసుకుంటూ లోపలికొచ్చాడు. గడ్డం పెట్టెకి ఆనించి పలకరించాడు.

"ఏం బావా, మళ్ళీ కంప్యూటరు ముందు కూర్చున్నావా? ఈసారి ఎవరి వంశం?"

అల్లుడు లేచాడు. వడ్రంగి వైపు తిరిగాడు.

"మామా, ఆ తప్పు ఆయనది కాదు. నాది. ప్రోగ్రాము నేను తప్పు రాశాను. ఫోన్ చేసిన రోజే నాకు తెలుసు. మీకెవరికీ చెప్పలేదు. ఆ ప్రశ్న కూడా, తప్పు ఆయనదే అనిపించాలని పెట్టాను."

వడ్రంగి పెట్టెలు దించలేదు. మోస్తూనే మామగారి వైపు చూశాడు. మామగారు ఉండని అటూ ఇటూ దొర్లిస్తున్నాడు. అప్పుడు పెట్టెలు నేల మీద పెట్టి, నడుం పట్టుకుని, ఆ పెట్టెల కీళ్ళనే చూశాడు.

"సంఘంలో అందరి ముందూ చెప్తాను," అన్నాడు అల్లుడు.

"చెప్పు," అన్నాడు మామగారు. ఆ తర్వాత వడ్రంగితో, "ఈ మూతలకి వెనక రంగు వెయ్యకు బావా. సుద్ద అంటదు," అన్నాడు.

"వెయ్యను."

లోపలినుంచి అత్తగారు పిలిచింది. "భోజనాలకి రండి. చల్లారిపోతోంది." ఆమె ఏం విందో, ఎంత విందో ఆ గొంతులో తెలియలేదు. వడ్రంగి వెళ్తానన్నాడు. అత్తగారు అయిదో పళ్ళెం అప్పటికే పెట్టేసింది.

కూర్చున్నారు. మామగారు మైనపు ఉండని పళ్ళెం పక్కన పెట్టుకున్నాడు. అత్తగారు మొదట వడ్రంగికి, తర్వాత అల్లుడికి వడ్డించింది, ఎప్పటిలాగే, కూర కాస్త ఎక్కువగానే. అలా ఎక్కువ వెయ్యడం అతనికి తల కొట్టేసినట్టయింది. వద్దనడానికి చెయ్యి అడ్డం పెట్టబోయి, ఆ హక్కు తనకి లేదనిపించి తీసేశాడు. భార్య తన పళ్ళెం తండ్రి పక్కన పెట్టుకుని కూర్చుంది. వడ్రంగి ఒకసారి నోరు తెరిచాడు, ముద్ద పెట్టుకుని మూసుకున్నాడు.

కూరలో ఉప్పు తక్కువైంది. మామగారు చెయ్యి చాచాడు, ఉప్పు గిన్నె అల్లుడి ముందుంది. అల్లుడు జరిపాడు. మామగారు కొంచెం వేసుకుని, గిన్నెని తన దగ్గర ఉంచుకోకుండా మధ్యలో పెట్టాడు. ఎవరూ ఎవర్నీ చూడలేదు. కిటికీ మీద ఈగ ఇంకా పాకుతూనే ఉంది. అందరూ తలలు వంచుకుని తిన్నారు.